డెబ్బై ఐదు బొమ్మలు

పెండ్లిపిల్ల తల తిప్పితే
సెకనుకు నూట ఇరవై బొమ్మలు తీస్తం.
పూలజడ గాలిల ఈదుకుంట వస్తది,
తలంబ్రాలు కిందికి దిగాల్నా వద్దా అని
ఆలోచిస్తయి.
మెల్లగ చూపియ్యాల్నంటె కెమెరా ఉరకాలె.
మా పనిల మొదటి పాఠం ఇదే.

హన్మకొండ చౌరస్తాల, సెల్‌ఫోన్ల దుకాణం మీది రూముకు
మెట్లెక్కి వచ్చింది ఓదెమ్మ.
పేపర్ల చుట్టిన పెన్‌డ్రైవు, ఎవల్దో పెండ్లి.
"బంతికాడ మా ఆయన కనవడ్తడట,
జర చూపియ్యి కొడుకా."
ఆర్నెల్ల మాసికం మొన్ననే అయ్యిందట.

కొంరెల్లి. ఎనుమాముల మార్కెట్ల హమాలి,
ముహూర్తాలప్పుడు వంటోల్ల దగ్గర కూలి.
భుజమ్మీద అన్నం గంజు,
ఎవరో పిలిస్తె తిరిగి నవ్విండు.
మూడు సెకన్లు.
అండ్ల సెల్ఫీ దిగుకుంట అడ్డమొచ్చిన బావ ఒకడు.

"ఇంత జల్దిగ ఎన్నడు నడువలే ఆయన.
నిమ్మళంగ పోనియ్యి."

ఇరవై ఐదు బొమ్మల లెక్కనే తీసిన ఆయన్ను.
నేనే తీసిన.
ఎవలకెంత నిమ్మళమో
ప్యాకేజీ కాయితంల రాసి ఉంటది.

సాగదీసిన. కుంటుకుంట, ఎగిరెగిరి నడిచిండు.
బొమ్మకు బొమ్మకు నడుమ
లేని బొమ్మలు పుట్టియ్యమని కంప్యూటర్‌కు చెప్పిన.
చెయ్యి పిండి లెక్క సాగింది,
నవ్వు చెవుల దాంక కారింది.
"ఈయన కాదు," అన్నది.

తెర దిక్కు చూసుడు బందువెట్టి
తనే మొదలువెట్టింది:

"వత్తాండు...
గంజు ఎడమ భుజానికే ఉంటది,
కుడిది నొస్తది, మిర్చి బస్తా పడ్డకాడ.
వత్తా వత్తా ఉంటడు.
పిలుస్తరు. ఆ చెవికి ఇనవడది.
మల్ల పిలుస్తరు.
మెడ తిప్పడు, నడుంతోని తిరుగుతడు...
తిరుగుతాండు...
పెదవి ఇంక కదల్లే,
నవ్వు ముందుగాల కండ్లల్లకే వత్తాంది..."

'తిరిగిండు' అనే మాట
ఆమె నోట్లెకెల్లి రాలే.
నాకు తెప్పిచ్చుకున్న చాయ్ మీద మీగడ కట్టింది.
కింద కాజీపేట బస్సులు
నాలుగో అయిదో పోయినయి.

పైసలెంత అన్నది.
ఏం చేసిన్నని తీసుకోవాలె?
పెన్‌డ్రైవు కొంగున ముడేసుకోని
ఒక్కో మెట్టు దిగిపోయింది.

వీడియోల ఆయన
ఎప్పుడో పక్కకు దాటిపోయిండు.
ఆమె చెప్పిన దాంట్ల
గంజు ఇంక దించనేలే.