ముక్కల రేటు

గోడ మీద ఏడో టైంటేబుల్ వేలాడుతోంది.
స్కేలు పెట్టి గీసిన గళ్లు,
ఫిజిక్స్‌కి నీలం, లెక్కలకి ఎరుపు,
కెమిస్ట్రీకి చెల్లి నీలవేణిని బతిమాలి తెచ్చిన
ఆకుపచ్చ స్కెచ్ పెన్ను.
దాన్ని గీయడానికి ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది.
ఆ మధ్యాహ్నం మాత్రం ఏ గడిలోనూ లేదు.

సోమవారం నుంచి, అనుకున్నాను.
సోమవారం ఏడున్నరకి లేచాను.
టైంటేబుల్ అయిదింటికే మొదలైపోయింది కాబట్టి
ఆ రోజు చెడిపోయినట్టే కదా,
చెడిన రోజులో చదువెందుకని
మంగళవారానికి తోసేశాను.
మంగళవారం కరెంటు పోయింది.
బుధవారం మందస నుంచి పెదమామ వచ్చి
ఒక్క గంట కూర్చుని వెళ్లాడు.
ఆ గంటకి ముందూ వెనకా
నా రోజంతా వాలిపోయింది.

నాకు కావలసింది ఒక నిండు రోజు.
అంచు చిట్లనిది, ఎవరూ తలుపు కొట్టనిది.
అది దొరకనీ చూడు,
రికార్డేంటి, కాలిక్యులస్సేంటి, ఊదేస్తాను.
అది వచ్చేవరకు ఫోన్‌లో ఇంకొక్క వీడియో,
ఆ తర్వాతది ఇంకొక్కటి.

పరీక్షలు పదకొండు రోజులున్నాయనగా
అమ్మ క్యారేజీ మరిచిపోయి పనికెళ్లింది.
కాశీబుగ్గ గేటు దాటి, జీడి ఫ్యాక్టరీల వీధిలో
కాలిన తొక్కల ఘాటు గొంతు పట్టుకుంటుంటే
సైకిలు స్టాండేసి లోపలికెళ్లాను.

ఇన్నేళ్లూ ఆ చేతుల్నే చూశాను.
పిక్కలు కొట్టీ కొట్టీ నల్లబడి,
వేలికొసల్లో తోలు లేచి
కూర కలిపితే మండే చేతులు.
ఈ మధ్యే గ్రేడింగు బల్లకి మారాయి.
వాటి పని చూడ్డం ఆ రోజే.

పొడుగాటి బల్ల. ముందర పప్పు కుప్ప.
వేళ్లు కదిలితే గుండు ఇటు, బద్ద అటు,
ముక్క ఇంకో పక్కకి.
గుండ్లు నేననుకున్నన్ని లేవు.
ముక్కల కుప్పే పెద్దది.

"ఇవి పారబోసేస్తారా?" అన్నాను.
బల్లంతా నవ్వింది.
పక్కన కూర్చున్న పారమ్మత్త
పైట చెంగు నోటికడ్డం పెట్టుకుని:
"పారబొయ్యడమేట్రా డిల్లేసూ!
మిఠాయి కొట్టోడు ముక్కే అడుగుతాడు.
పాయసంలోకి ముక్కే, ఐస్‌క్రీమ్‌లోకీ ముక్కే.
రేటు తక్కువ గానీ
తూకం తూకమే కదేటి!"
అమ్మ తలెత్తలేదు.
"క్యారేజీ అక్కడెట్టి బేగెల్లు" అంది.

తిరిగొస్తుంటే గేటు పడింది.
బొగ్గు గూడ్సు. మామూలుగా పెట్టెలు లెక్కపెడతాను.
ఆ రోజెందుకో, జిరాక్సు తీయించాలని
నెల్లాళ్లుగా సంచిలో మోస్తున్న శశిభూషణ్ నోట్సు
సైకిలు సీటు మీద తెరిచాను.
లెన్సు సూత్రం. మూడు లైన్లు.
నాలుగో లైను దగ్గర గార్డు పెట్టె వెళ్లిపోయింది,
గేటు లేచింది,
వెనక ఆటోవాడు హారను మీద చెయ్యి తీయకుండా
"కాలేజీ ఇక్కడెట్టేసేవేటి తమ్మీ, కదులు!"
సగం లెక్క బుర్రలో వేసుకుని తొక్కాను.
ఇంటిదాకా అది
డొల్లలో పిక్కలా కదులుతూనే ఉంది.

గురువారం మళ్లీ జారిపోయాను, అబద్ధమెందుకు.
రెండు గంటలు క్రికెట్టు.
ఈ రోజు చెడిపోయింది అనబోయి ఆగాను.
చెడలేదు, చిట్లింది.

కుళాయి దగ్గర బిందె వంతు వచ్చేలోపు
ఒక సమీకరణం.
జడల్లుకుంటున్న నీలవేణిని ప్రశ్నలడగమంటే
అది అన్నీ తప్పుగా చదివింది,
దిద్దుతూ దిద్దుతూ నాకే వచ్చేసింది.
నిండు రోజు ఇంకా రాలేదు.
వస్తే కూర్చోబెడతాను, రాకపోతే మానె.

ఎనిమిదో టైంటేబుల్ గీయలేదు.
ఏడోదాని వెనక తెల్లగా ఉంటే
లెక్కలు చేసుకోడానికి కిందికి దింపాను.

రాత్రి పదకొండు ముప్పావు.
చేతులకి కొబ్బరినూనె రాసుకుని
అరచేతులు పైకి పెట్టి పడుకుంది అమ్మ.
కళ్లు మూతలు పడ్డానికి నాకింకో పది నిమిషాలుంది.
పడుకుందామా, పొద్దున్నే చూద్దామా అని
ఆ పాత గొంతు మెల్లగా అడిగింది.

పది నిమిషాలు.
ముక్కే.
తూకమేశాను.