ద్వారబంధం

క్రోంపేటలో రెండు గదుల ఫ్లాటు, మూడో అంతస్తు,
ఇరవై ఏళ్ళ ఈఎంఐ.
గోడలకి మేకులు కొట్టొద్దన్నాడు బిల్డరు మనిషి.
మొదటి మేకు నాన్నే కొట్టాడు,
గోడకి కాదు, ద్వారబంధానికి, కుడివైపు,
కాస్త ఏటవాలుగా
వేలెడంత చెక్క గొట్టం.

ఎదురింటి రాజ్యం గారిది నెల్లూరు.
పాల ప్యాకెట్టు అందుకుంటూ
తెలుగు వినపడ్డ సంబరంలో అడిగింది,
"ఇంతకీ మీరు ఏవిట్లు?"
మేం మద్రాసొచ్చి ముప్పై ఏళ్ళు.
ఆ ప్రశ్న మాకంటే ముందే రైలు దిగి కూచుంది.

"యూదులం" అన్నాను.
"ఓ, యాదవులా!
మా తోడికోడలి ఊరంతా మీవాళ్ళే,
పాడి మీద బాగా పైకొచ్చారు."

ఒక గుణింతం, ఒక అక్షరం.
దిద్దొచ్చు.
బళ్ళో గోడవార విడిగా కూచుని
ఇంతకంటే పెద్ద తప్పులు దిద్దుకున్నదాన్ని.

దిద్దలేదు.
సాయంత్రం గిన్నెడు పులిహోర వచ్చింది.
నేను కడిగిచ్చిన గిన్నెని
మళ్ళీ కడక్కుండానే లోపల పెట్టుకుంది.

నాన్న వినలేదనుకున్నాను.
రాత్రి అన్నం దగ్గర అడిగాడు:
"గేదెలెన్ని కొన్నావమ్మా?"

ఎఫ్రాయీము గోత్రం మనది అనేవాడు తాత,
గూడెంలో, లందలో చేతులు ముంచుకుని.
ఊరు నవ్వేది. సర్టిఫికెట్టు ఇంకేదో అనేది.
తంగేడు చెక్క రంగు
పాడె మీద కూడా ఆ గోళ్ళని వదల్లేదు.
నాన్న పల్లావరంలో, రబ్బరు బూట్లలో,
క్రోము నీళ్ళలో మోకాలిదాకా.
నేను బూట్ల ఎగుమతి కంపెనీలో లెక్కలు చూస్తాను.
తోలంటే నాకు
ఎక్సెల్ గళ్ళలో చదరపు అడుగులు.
వాసన రాదు.

శుక్రవారం పొద్దు గుంకకముందే
అమ్మ రెండు కొవ్వొత్తులు వెలిగించింది.
రాజ్యం గారు తొంగి చూసింది:
"మీకు కరెంటు పోయిందా? మాకుందే!"
గొట్టం మీద చూపు పడింది.
"ఇదేంటి, బెల్లా?" అని నొక్కింది.
మోగలేదు. మళ్ళీ నొక్కింది.
"లోపలేముందమ్మాయ్?"

నోరు తెరిచాను.
ఏ మాట వస్తుందో నాకూ తెలీదు.
వెనకనించి నాన్న వచ్చాడు.

"తోలమ్మా," అన్నాడు,
"మేకతోలు. దాని మీద దేవుడి మాట."

ఆవిడ వేలు ఇంకా దాని మీదే ఉంది.

మా వంటగట్టు మీద
వాళ్ళ గిన్నె ఇంకోటుంది,
సేమ్యా తెచ్చింది, నిన్నటిది.
కడిగి బోర్లించాను.
ఇంకా తిరిగివ్వలేదు.