ఏడో సంవత్సరం గడి

మద్దిలపాలెంలో రెండో అంతస్తు హాలు.
ఏసీ పనిచేస్తోంది, ప్రొజెక్టరు పనిచేయడం లేదు.
పధ్నాలుగు మందిమి:
ఇద్దరు ఫారెస్టు రేంజర్లు, ఒక చార్టర్డ్ అకౌంటెంటు,
రిటైర్మెంటుకి నాలుగు నెలలున్న డిప్యూటీ తహసీల్దారు,
పక్షుల ఫొటోలు తీసే పళ్ల డాక్టరు,
వెనక వరసలో నేను.
ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో
నేలను తాకట్టు పెట్టుకుని డబ్బిచ్చినవాణ్ణి.

తిలోత్తమ గారు ప్రొజెక్టరు తీగ పీకి పక్కన పడేసి
బోర్డు మీద ఒక కొండ గీసింది,
కొండలోంచి ఒక గెడ్డ,
గెడ్డకి అటూ ఇటూ ముప్పై ఏడెకరాల జీడితోట.
"దీన్ని కొనండి" అంది.
"కొని, ఏమీ కట్టకండి.
డబ్బెక్కణ్ణుంచి తెస్తారో భోజనాల లోపు చెప్పండి."

నవ్వాం.
ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ
ఏమీ కట్టకుండా చూడమని
మావాళ్లెవరూ అనలేదు మరి.

అకౌంటెంటు ఎకరం రేటు వేశాడు.
తహసీల్దారు దాన్ని గజాల్లోకి మార్చాడు.
ఈ ఊరి నాలుకకి ఎకరం ఎప్పుడో మొద్దుబారింది.
ఫార్మా కంపెనీ సామాజిక నిధి కొంత,
నీటి పన్ను మీద పైసా చొప్పున కొంత,
మిగతాది వచ్చేదాకా పద్దెనిమిది నెలల అప్పు.
అప్పు అనగానే అందరూ వెనక్కి తిరిగి చూశారు.
"రాబడి ఏమిటి?" అన్నాను.
నోరు దానంతటదే అంది. అలవాటు.

రెండో రోజు బేరమాడటం నేర్పడానికి
నిజం రైతునే పిలిచింది.
సన్నెమ్మ. ఆనందపురం అవతల నుంచి
తొలి బస్సుకే వచ్చి, హాలు తెరిచేదాకా
మెట్ల మీద కూర్చుందట.
మా లెక్కంతా ఓపిగ్గా విని
చెంగుతో మెడ తుడుచుకుని అడిగింది:
"డబ్బిస్తారు బాబూ, నానొద్దన్ను.
ఏసవిలో ఎవులో బీడీ పారేసి కొండకి అగ్గెట్టేస్తే
తెల్లార్లూ తుప్పల్లో తిరిగినోడికి
కూలెవులిస్తారు?
కొనీడం పెళ్లి.
తరవాతుండేది కాపరం."

పళ్ల డాక్టరు చప్పట్లు కొట్టబోయి ఆగాడు.
తిలోత్తమ గారు మా షీట్లన్నిట్లో
ఒకే గడిని చూపించింది:
ఏడో సంవత్సరం, కాపలా జీతం.
పధ్నాలుగు షీట్లలోనూ ఖాళీ.
"కొన్న రోజు ఫొటోకి డబ్బు పుడుతుంది.
ఏడో ఏడు ఫొటో ఉండదు.
అసలు ముట్టుకోకుండా
వడ్డీతో ఒక మనిషి బతకాలి. లెక్క మళ్లీ మొదలెట్టండి."

ఆ రాత్రి లెక్క చేయలేదు నేను.
పాత ఫైలొకటి గుర్తొచ్చింది.
నూట పన్నెండు ప్లాట్లు, తూర్పు ముఖం, నలభై అడుగుల రోడ్లు.
ఈసీ ముప్పై ఏళ్ల వెనక దాకా తీయించాం.
అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, వారసులు, వీలునామాలు.
నీటి పేరు ఎక్కడా లేదు.
సంతకం పెట్టాను.
తుఫాను ఏడు అది తన వాటా అడగడానికొచ్చి
కింది అంతస్తుల్లో గ్యాసు పొయ్యిల ఎత్తున నిలబడింది.
ఒక్క కిస్తీ తప్పలేదు, అందరూ కట్టారు.
మంచి ఫైలని పైనుంచి మెచ్చుకున్నారు కూడా.

మూడో రోజు పరీక్ష.
ఏడో గడిలో సున్నా కొట్టి చూశాను.
షీటు ఒప్పుకుంది. కింద కూడిక పచ్చగా వెలిగింది.
చెరిపేసి, కొనే ఎకరాలు తొమ్మిది తగ్గించి
ఆ డబ్బు ఒక మనిషి పేరున పక్కన పెట్టాను.
మార్కులు తగ్గాయి. ఎకరాలు తగ్గినందుకు అన్నారు రేంజర్లు.
ఏ తొమ్మిది? అని మాత్రం
సన్నెమ్మ అడగలేదు, తను అప్పటికే వెళ్లిపోయింది.

సర్టిఫికెట్టు చంకలో పెట్టుకుని
బస్టాపులో నిలబడ్డాను.
వాన లేదు.
కాలి కింద స్లాబు, స్లాబు కింద ఏదో పారుతోంది.
పక్కనున్న కొబ్బరిబోండాలతన్ని అడిగాను
దీని పేరేమిటని.
"కాలవ" అన్నాడు.
"అంతకుముందు?" అన్నాను.
కత్తి ఆపి నావైపు చూశాడు.