నూటికి తొంభై రెండు

టార్టూలో ఫిబ్రవరి. ఎమాయొగి నది గడ్డకట్టింది.
మా శీతల గదిలో నాలుగు డిగ్రీలు.
బయటికంటే ఇదే వెచ్చన, అంటుంది ఉర్వె
స్వెటర్ మీద తెల్లకోటు బొత్తాలు పెట్టుకుంటూ.

రాత్రంతా పస్తున్న ఎలుక కాలేయం
మంచు పళ్ళెంలో, ముదురెరుపు ముద్ద.
కడుపు నిండిన ఎలుకైతే
లోపల పిండి పేరుకుని
పొరలన్నీ కలగాపులగం చేస్తుందట.

చల్లటి చక్కెర నీళ్ళు పోసి
గాజు గొట్టంలోకి టెఫ్లాన్ రోకలి దించింది.
పైకీ కిందికీ, ఆరుసార్లు.
ఏడోది నేను వెయ్యబోతే మణికట్టు పట్టుకుంది:
"ఇంటి గోడ కూలాలి. లోపలి కుండలు పగలకూడదు."

ఎదురెదురు గొట్టాలు తూచింది.
ఒక చుక్క. ఇంకో అర చుక్క.
తూకం తప్పితే ఏమవుతుందో ఆమె చూసిందట,
ఇరుసు విరిగి, యంత్రం
తలుపు దాకా నడుచుకుంటూ రావడం.

తర్వాత గిర్రున.
మెల్లగా తిప్పితే కేంద్రకాలు అడుక్కి చేరాయి.
పైతేట వంచి, జోరు పెంచితే
మైటోకాండ్రియా, లేత గోధుమరంగు బిళ్ళ.
ఇంకొంచెం జోరు, లైసోజోముల మసక పొర.
ఇక గంటసేపు, బల్ల మీది పెన్సిళ్ళు వణికేలా తిప్పితే
గాజు అడుగున ఎర్రటి పారదర్శకపు బొట్టు.
మిగిలింది తేట.

నిన్నటిదాకా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బతికినవి
ఇవాళ ఐదు గొట్టాల్లో, ఐదు చీటీలతో.

సాయంత్రం లెక్క కట్టాను.
విడదీయకముందు ఎంజైము నూరు పాళ్ళు.
ఐదింటినీ కూడితే తొంభై రెండు.
మళ్ళీ కూడాను. తొంభై రెండే.
తేట పక్కన అంకె దిద్దబోయాను.
పెన్సిలే కదా.

ఉర్వె నా భుజం మీదుగా చూసింది. తిట్టలేదు.
రోకలి తీసి దీపం ముందు పట్టింది,
మెడ దగ్గర సన్నటి జిగట.
తన చేతితొడుగు వేలికొసన ఇంకొంచెం.
"ఇక్కడో పాలు. ఇక్కడ ఒకటిన్నర.
మిగతాది నాకూ తెలీదు."

వచ్చే శుక్రవారం ఆమె ఉద్యోగ విరమణ.
కేకు మీద పేరు రాయించడానికి
తలా ఐదు యూరోలు పోగేస్తున్నారు.
ముప్పై నాలుగేళ్ళు.
అచ్చైన పరిశోధనల చివర, సన్నటి అక్షరాల్లో
నాలుగుచోట్ల ఆమెకి కృతజ్ఞతలు.
ఒకచోట పేరు తప్పు పడింది.

నోటు పుస్తకంలో కొత్త గడి గీసింది.
"నష్టం" అని రాసి, ఎదురుగా ఎనిమిది వేసింది,
ఇంకుతో.
కింద నా సంతకం పెట్టమంది.

తర్వాత తొడుగులు తీసి
రోకలి కడిగింది, వేడినీళ్ళతో, తొందరపడకుండా.
తొట్టిలో నీళ్ళు ఒక్క క్షణం గులాబీరంగుకి తిరిగి
జారిపోయాయి.