ఆరో రీలు

గుర్రాల వాసన, డీజిలు వాసన, తడి ఉన్ని వాసన.
రెండు గుంజల మధ్య తెల్లటి ఫెల్టు గుడ్డ.
సోన్‌కుల్ సరస్సు పక్క మేతకొండ మీదికి
ఏడాదికి ఒక్కసారి సినిమా వచ్చేది.
సినిమా అంటే నేనే, ఎసెన్‌బెక్‌ని:
ప్రొజెక్టరు, జనరేటరు, ఆరు రేకు డబ్బాలు, ఒక గాడిద.

సినిమాలో ఆమె పేరు బురుల్‌కాన్.
కనుమ దారిలో బొగ్గు లారీ నడుపుతుంది.
స్టీరింగుకి ఒక్క చెయ్యి చాలు, రెండోది పాటకి.
నాలుగో రీలులో మంచు మీద లారీ జారింది.
క్లీనరు పిల్లాడు, పదహారేళ్ళవాడు,
తలుపు తీసుకుని దూకాడు గానీ
దూకిన వైపు లోయ ఉంది.

ఐదో రీలంతా ఆమె దిగిపోవడమే.
తాళాలు ఆఫీసు బల్ల మీద పెట్టేసింది.
పిల్లాడి తల్లి గుమ్మందాకా వెళ్ళి
తలుపు తట్టకుండా మళ్ళింది, మూడుసార్లు.
చివరికి రోడ్డు పక్క క్యాంటీనులో
కిటికీకి వీపు పెట్టి కూర్చుంది.
ముందు టీ. చక్కెర వెయ్యలేదు.
వెయ్యని చక్కెరను చెంచాతో తిప్పుతోంది,
తిప్పుతోంది,
తిప్పుతోంది
అక్కడ రీలు అయిపోయింది.
తెర మీద ఉత్త వెలుతురు. పురుగులు.

"కనుమలో మంచు పడింది, ఆరోది రాలేదు" అన్నాను.
అబద్ధం.
నారిన్ బస్టాండులో బెంచీ కింద వదిలేశాను దాన్ని.
వోడ్కా సీసా మాత్రం చొక్కాలో చుట్టి భద్రంగా తెచ్చుకున్నాను.

మర్నాడు పిల్లలు కొత్త ఆట కనిపెట్టారు:
ఖాళీ గిన్నెలో పుల్లతో తిప్పడం,
ముందు నవ్వినవాళ్ళు ఓడినట్టు.
ఉన్ని కత్తిరిస్తూ పెద్దవాళ్ళు పోట్లాడుకున్నారు.
చచ్చిపోతుందని ఒకడు.
క్యాంటీనువాణ్ణి పెళ్ళాడుతుందని ఇంకొకడు.
"పిల్లాడు బతికే ఉంటాడు చూడండి, సినిమానే కదా"
అని ఒకామె, కత్తెర ఆపి.
అసిల్‌కాన్ ముసలమ్మ ఏమీ అనలేదు.
సాయంత్రం వచ్చి, ఖాళీ తెర కింద గడ్డిలో
చక్కెర ముక్క ఒకటి పెట్టి పోయింది.
గొర్రె తినేసింది.
మర్నాడు మరొకటి పెట్టింది.

మూడో రోజు తెల్లారకముందే మెదెర్ గుర్రం అడిగాను.
పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు.
బెంచీ కింద డబ్బా లేదు.
టికెట్ల గదిలో ఉంది, దాని మీద ఎవరో టీ కెటిల్ పెట్టుకున్నారు.
మూత మీద ఆ గుండ్రటి మచ్చ ఇప్పటికీ పోలేదు.
దారిలో సీసా పారేశానని చెప్పను, పారెయ్యలేదు.
జీను సంచిలోనే ఉంది.
సగం సీసా కదా, దారంతా తొణుకుతూనే ఉంది.

ఆరో రీలు.
క్యాంటీను వంటావిడ వచ్చి అంటుంది:
"కప్పు కావాలమ్మా, జనం నిలబడి ఉన్నారు."
ఓదార్పు మాట ఒక్కటీ లేదు.
బురుల్‌కాన్ చల్లారిన టీ పారబోసి
కప్పు తనే కడిగింది.
తొట్టిలో ఇంకోటి ఉంది, దాన్నీ.
ఇంకో ముప్పై ఉన్నాయి.
సంగీతం పెట్టలేదు, నీళ్ళ చప్పుడే.
బయట ఎవరిదో లారీ స్టార్టు కాక దగ్గుతోంది.
ఆమె చేతులు ఆగాయి.
జబ్బు మనిషి ఊపిరి విన్నట్టు తల వంచి వింది.
తడి చేతులు గౌనుకి తుడుచుకుని
తలుపు తీసింది.
తెర మీది చలి మా మొహాలకి కొట్టింది.

చివర్లో పిల్లాడి తల్లి ఇంటి ముందు లారీ ఆగుతుంది.
బురుల్‌కాన్ బొగ్గు బస్తా దింపుతుంది.
ఈసారి తట్టకముందే తలుపు తెరుచుకుంటుంది.
ఇద్దరిలో ఎవరు ముందు మాట్లాడారో
చూపించకుండానే అయిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు మెదెర్.
గుర్రానికి నాలుగు రోజుల బాడుగ అడిగాడు.

జనం వెళ్ళాక అసిల్‌కాన్ నా డేరాకి వచ్చింది, టీతో.
"కనుమలో మంచు బాగా పడిందా నాయనా?"
మొదటి రాత్రే నా నోటి వాసన పట్టేసి ఉంటుంది.
రెండు ముక్కల చక్కెర వేసింది.
"నువ్వే తిప్పుకో" అని వెళ్ళిపోయింది.

తాగాను.
చీకట్లో తడుముకుంటూ ఏటికి పోయి కప్పు కడిగాను.
వేళ్ళు కొంకర్లు పోయాయి.
ఒడ్డున ఆమె గిన్నెలు కూడా ఉన్నాయి,
ఓ పద్నాలుగు.