సొరంగం దగ్గర టీ బండి

చిట్టినగర్ సొరంగం మొగలో
పదిహేడేళ్లుగా నా టీ బండి.
ఇటు పక్క చిట్టినగర్ ఆటో స్టాండు,
అటు పక్క సితార సెంటర్ వాళ్లది.
మధ్యలో కొండ.
కొండకి ఏ యూనియన్‌లోనూ సభ్యత్వం లేదు,
నాకూ లేదు.

బేరం దగ్గర మాటా మాటా పెరిగితే
ఇద్దరూ నా బల్ల మీదికే వచ్చేవాళ్లు.
తప్పు ఒప్పుకున్నవాడు టీ డబ్బులివ్వాలి,
అదే మా సెక్షను.
ఒప్పుకోకపోతే రెండో టీ.
నాలుగో టీ దాకా సాగిన గొడవ
నాకు గుర్తున్నంతలో ఒక్కటే,
అదీ తమ్ముడి చీటీపాట బాకీ కలిసిన గొడవ.

ముందు ఎవరు మొదలెట్టారంటే చెప్పలేను.
కబేళా స్టాండు వాళ్లు చిన్నవాళ్లు, తొమ్మిది బళ్లు.
యేసురత్నం పెదవి మీద రెండు కుట్లు
నేను చూశాను, అబద్ధం కాదు.
చిట్టినగర్ జెండా కట్టాక
వాడి మీద ఎవరూ చెయ్యెత్తలేదు.
"ఇప్పుడు నిద్ర పడుతోంది మస్తాన్ బాబాయ్" అన్నాడు.
వాడి నిద్రని నేనెట్టా తప్పు పడతాను?

కానీ అదే జెండా
సొరంగం అవతల నుంచి చూస్తే
గుడ్డ కనపడదట, కర్రే కనపడుతుందట.
సితారవాళ్లు గొల్లపూడిని కలుపుకున్నారు.
వీళ్లు పాల ఫ్యాక్టరీని.
వాళ్లు భవానీపురాన్ని.
కలుపుకున్న ప్రతివాడూ "రక్షణకే" అన్నాడు,
విన్న ప్రతివాడూ సీటు కింద ఒక రాడ్డు పెట్టాడు.

మొన్న మంగళవారం
నాగమల్లేశ్వరరావు బండి అద్దం పగిలింది.
ఖరీదు నూట ఎనభై.
పాత రోజుల్లో రెండు టీల గొడవ.
ఇప్పుడు నూట నలభై బళ్లు ఆగిపోయాయి,
ఒకడి అద్దం అందరి అద్దమని
కాగితం రాసుకున్నారు మరి.
నొప్పులు మొదలైన ఓ ఆడమనిషి
గోడ పట్టుకుని
సొరంగమంతా నడిచి దాటింది.

ఆ సాయంత్రమే బండి మీది చిన్న టీవీలో
ఎక్కడో సైనిక కూటమిలో ఇంకో దేశం చేరిందని
పటం మీద నీలం రంగు పాకింది.
హిమజ గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడింది.
ఖార్కివ్‌లో నాలుగో ఏడు వైద్యం వదిలేసి
ఒక్క బ్యాగుతో తిరిగొచ్చిన పిల్ల,
సూర్యారావుపేట ల్యాబులో రక్తం తీస్తోందిప్పుడు.
"ఎవరిదమ్మా తప్పు?" అడిగాను.
"మీద పడినవాడిదే బాబాయ్"
తడుముకోకుండా అంది.
గ్లాసు సగమయ్యాక మళ్లీ తనే,
"బేస్‌మెంట్‌లో ఉన్న ఆరు రోజులూ
మేం ఎదురుచూసింది గెలిచేవాడి కోసం కాదు.
ఇద్దరూ ఫోనెత్తే మనిషి
ఒక్కడైనా మిగిలాడా అని."

నిన్న రెండు వైపుల నుంచీ వచ్చారు,
చేతిలో చెరో స్టిక్కరు.
"బండికి అంటించు బాబాయ్, నీ మంచికే."
అంటిస్తే సగం మంది రారు.
అంటించకపోతే అందరికీ అనుమానం.
రెండూ బిస్కెట్ల డబ్బా కింద తోశాను.
బల్ల మీద ఎవరూ కూర్చోవడం లేదీ మధ్య.
నిలబడే తాగి, చిల్లర లెక్కపెట్టుకుని
ఎవరి వైపుకి వాళ్లు.

రాత్రి బండి తోసుకెళ్తుంటే
సొరంగంలో ఒక్క లైటే వెలుగుతోంది.
మిగతావి ఎవరు పగలగొట్టారని
ఇటు మొగలో అడిగాను.
అటు మొగలోనూ అడిగాను.
ఒకే జవాబు:
"వాళ్లే."