వంతు నీరు

ఆకివీడులో ఐసు ఫ్యాక్టరీ మేడ మీద
ఒకటే గది మాకు.
కింద దిమ్మలు జారిన చప్పుడుకి
పైన బల్ల మీద స్క్రూలు వణుకుతాయి.
పేరు బోర్డు ఇంకా రాయించలేదు.
పెయింటరు పద్దెనిమిది వందలు అడిగాడు,
ఆ డబ్బుకి ఆరు సెన్సార్ల మూతలొస్తాయి.

మేం చేసేది చిన్న వస్తువు.
రొయ్యల చెరువులో తేలుతూ
నీళ్ళకి ఊపిరెంత మిగిలిందో చెబుతుంది.
తెల్లారుజామున మూడింటికి అది పడిపోతే
రైతు ఫోను మోగుతుంది,
ఏరేటరు తిప్పుకునే వ్యవధి దొరుకుతుంది.
అంతే. అంతకు మించి చెప్పుకోను.

చెప్పుకునేది సువర్ణరాజు.
నీళ్ళలో కెమెరా పెడదామంటాడు,
మీసం కదలిక చూసి రొయ్య జబ్బు పట్టేద్దామంటాడు.
అంటున్నప్పుడు ఆ కళ్ళు చూస్తే
నాకూ నమ్మాలనిపిస్తుంది.
నా భయమూ అదే.
నా పుస్తకంలో నాలుగు నెలల జీతాలున్నాయి,
స్కూటీ అమ్మిన డబ్బు కలిపితేనే నాలుగు.

మార్చిలో శివారు చెరువులకి వెళ్తూ
లాకుల దగ్గర ఆగాం.
లస్కరు పేరయ్య తలుపు ఎత్తుతున్నాడు,
మూడు వేళ్ళ మందం, అంతే.
నిండా ఎత్తితే ఏమవుద్ది? అడిగాడు సువర్ణరాజు.
"ఎగువోడు దండం పెడతాడు,
శివారోడు తిడతాడు.
అసలెత్తకపోతే ఇద్దరూ తిడతారు.
తిట్లెలాగూ తప్పవు బాబూ,
ఎవరివి పడాలో చూసుకోడమే నా నౌకరీ."
బీడీ ఆర్పి, మిగిలిన సగం చెవి మీద పెట్టుకున్నాడు.

దారంతా నేనే గెలిచినట్టు కూర్చున్నాను.

కాళ్ళలో రైతు ఏమీ అనలేదు.
మా డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు.
కదిపితే లోపల నీళ్ళు.
గట్టు వెంట రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి,
రాత్రి ఏ ఫోనూ మోగలేదు.
ఇరవై రెండు రూపాయల వాషరు చోట
ఏడు రూపాయలది వేయించింది నేను.
ఆ పదిహేనూ పుస్తకంలో ఉన్నాయి,
పొదుపు అనే పేరు కింద,
నా అందమైన దస్తూరీలో.

నాగలత పక్క చెరువు నుంచి ఇంకో డబ్బా తీసుకొచ్చింది.
దాని నడుముకి ఎవరో
లారీ ట్యూబు ముక్క బిగించి కట్టారు.
లోపల పొడి. చుట్టూ ఒక్క నత్త కూడా పట్టలేదు.
ఎవరు కట్టారంటే
మేత జల్లే కుర్రాడు సిగ్గుపడి నవ్వాడు.
ఆ పూతకి మేం డెబ్భై వేలు రాసుకున్నాం.

ఇప్పుడు మాకూ వంతులున్నాయి.
నాలుగు రోజులు పాత డబ్బాకి,
రెండు రోజులు కెమెరాకి,
ఆదివారం పోట్లాటకి.
వాషరు ఇరవై రెండు రూపాయలదే.
కాళ్ళ రైతుకి నష్టం కట్టాక
నాలుగు నెలలు రెండున్నరయ్యాయి.
పుస్తకంలో అది ఏ పద్దు కింద రాయాలో
ఇంకా తేల్చుకోలేదు.

నిన్న రాత్రి కెమెరా మొదటి బొమ్మ పంపింది.
బురద. బురద తప్ప ఏమీ లేదు.
సువర్ణరాజు దాన్ని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి
చూస్తూనే ఉన్నాడు.
పదకొండయితే మీటరు తిరుగుతోందని
రోజూ లేచేదాన్ని.
లైటు ఆర్పకుండా
నేనూ కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.